వేటకత్తి మీద రెండొందల డాలర్లెందుకురా?

మా వైపు వేట అంటే మేక. ఆదివారం పొద్దున్నే విశాఖ కంచరపాలెంలో సంచీ పట్టుకుని వెళ్తున్నవాణ్ణి ఎక్కడికని అడగండి, "వేట మాంసానికి" అంటాడు. తుపాకీ భుజానేసుకుని కంబాలకొండ ఎక్కబోతున్నాడని ఎవరూ అనుకోరు. ఊళ్లో పండక్కి వేటనేశారంటే పోతుని కోశారని అర్థం. అందుకే మా మేనల్లుడు టెక్సాస్ నుంచి వీడియో కాల్ చేసి, "మావయ్యా, వేటకి మంచి కత్తి కొనాలి, ఏది కొనమంటావ్?" అనగానే వంటింట్లోంచి మా ఆవిడ, "అక్కడ మటన్ కొట్టు లేదేటి?" అంది.

వాడిది అసలు వేట. ఆఫీసులో నలుగురితో కలిసి నవంబరులో తెల్లతోక జింకల వేటకి వెళ్తున్నాడు. దానికి అక్కడ లైసెన్సు ఉంది, సీజను ఉంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్లయితే వేట పాఠాలు చదివి పరీక్ష కూడా పాసవ్వాలట. అన్నీ చేశాడు పాపం. ఇక కత్తి ఒక్కటే మిగిలింది. లింకు పంపాడు: 215 డాలర్లు. మన డబ్బుల్లో లెక్కేసి చెబితే మా ఆవిడ మళ్లీ ఏదో అనబోయింది, నేనే ఫోను పట్టుకుని బాల్కనీలోకి వచ్చేశాను.

నేను జింకని కోసినవాణ్ణి కాదు, కోయబోను కూడా. మనకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 1991 సవరణతో సరదా వేటల తలుపు పూర్తిగా మూసేశారు. కానీ ముప్ఫై ఏళ్లు టూల్ రూముల్లో పనిచేశాను, ఉక్కు ఎప్పుడు కోస్తుందో ఎప్పుడు మొరాయిస్తుందో కొద్దిగా తెలుసు. చోడవరం దగ్గర మా ఊళ్లో పోతుల్ని కోసి తోలు తీయడం చిన్నప్పట్నించీ చూస్తున్నాను, చేశాను కూడా. తోలు కింద మేకకీ జింకకీ పెద్ద తేడా ఏం లేదు. ఒక తేడా మాత్రం ఉంది: మేక కాలేయానికి చేదుసంచి అంటుకుని ఉంటుంది, పగిలిందో ఆ కాలేయం నోట పెట్టలేం. జింకకి ఆ చేదుసంచే ఉండదు. అంటే మా వాడి పని మన పని కంటే ఒక మెట్టు తేలికే.

నేను వాడికి చెప్పిందీ ఇక్కడ చెప్పేదీ ఒకటే. జంతువుని విప్పి, పేగులు తీసి, తోలు ఊడదీయడానికి నాలుగంగుళాల పల్చటి కత్తి కావాలి. తడిచేతిలో పిడి జారకూడదు. మొండి అయితే మళ్లీ పదును పెట్టుకోవడం చేతనవ్వాలి. ఇరవై డాలర్ల లోపు కత్తిలో ఇవన్నీ వస్తాయి. ఆ పైన పెట్టేది నలుగురికీ చూపించుకోడానికి.

"అలా అనకు మావయ్యా, మంచి వస్తువుకి రేటుంటుంది" అన్నాడు. నిజమే, ఉంటుంది. అయితే వాడికి మా బావమరిది కత్తి కథ తెలీదు.

రెండేళ్ల కిందట ఊళ్లో అమ్మవారి పండగ. మా బావమరిది ఆన్‌లైన్లో 1,850 రూపాయలు పోసి ఒక "హంటింగ్ నైఫ్" తెప్పించాడు. ఏ కంపెనీయో అడక్కండి. నల్ల రంగు పూత. బ్లేడు మందం నా స్కేలుతో కొలిస్తే ఐదు మిల్లీమీటర్లు. వెన్ను మీద రంపం పళ్లు, మొన వెనకాల పొట్ట విప్పడానికో కొక్కెం, పిడి చివర మూత విప్పితే దిక్సూచి. పుట్టి పెరిగిన ఊళ్లో దిక్సూచి దేనికిరా అంటే నవ్వాడు.

పోతుని మామిడి కొమ్మకి వేలాడదీశారు. వెనక కాళ్ల మడమ దగ్గర నరానికీ ఎముకకీ మధ్య చిన్న గాటు పెట్టి, అందులోంచి తాడు దూర్చి కట్టారు. కోసేది మా ఊరి పెద్దాయన, ఏళ్ల తరబడి ఊరందరికీ ఆయనే కోస్తున్నాడు. తొడ లోపలివైపు ఒక గీత గీశాడు. బొటనవేలు దూర్చాడు, తరవాత పిడికిలి. ఇక అంతా పిడికిలి పనే. తోలుకీ మాంసానికీ మధ్య తెల్లటి పొర ఉంటుంది, అరిటిపట్టకి లోపలుండే పొరలాగ. పిడికిలితో నెడుతూ పోతే చర్మం చప్పుడు చేస్తూ విడిపోతుంది, తడి గుడ్డ చింపినట్టు. ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ కత్తి మొనతో ఒక్కసారి తాకేవాడు. ఐదు నిమిషాల్లో సగం తోలు చొక్కాలాగ కిందికి వేలాడుతోంది. ఆ ఐదు నిమిషాల్లో కత్తి పనిచేసింది ఒక నిమిషం కూడా ఉండదు. జింక దగ్గరైనా ఇంతే.

అప్పుడు మా బావమరిది, "తాతా, నేనూ ఓ సెయ్యేస్తాను" అని ముందుకొచ్చాడు. మొదటి గాటు బొచ్చు మీద పెట్టాడు. రంపం పళ్లలో వెంట్రుకలు చిక్కుకున్నాయి, అవన్నీ మాంసానికి అంటుకున్నాయి. తోలు తీసేటప్పుడు తెగకపోతే బలం ఉపయోగించాడు. బలం ఎక్కువైతే కత్తి మన మాట వినదు కదా, పొట్ట దగ్గర జారి లోపలికి దిగబడింది. పచ్చటి నెమరు ముద్ద బయటికొచ్చింది. ఆ వాసన రాయడం నా వల్ల కాదు. పెద్దాయన ఏమీ అనకుండా నీళ్లు పోయించి, తగిలిన మేర మాంసం కోసి అవతల పారేశాడు. తరవాత ఆ కత్తి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "బాబూ, ఇది కత్తేటండీ? గునపం" అన్నాడు.

ఆయన కత్తి చూపించమని అడిగాను. కొన్నప్పుడు ఆరంగుళాలు ఉండుంటుంది, అరిగి అరిగి నాలుగున్నరకి వచ్చింది. పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టాడు, జారకుండా. లారీ కమాన్ పట్టీ, అంటే స్ప్రింగు పట్టీ, దాని ముక్కతో ఊరి కమ్మరి చేసిందట. వెన్ను దగ్గర రెండు మిల్లీమీటర్లు. అంచు వైపు ఎంత పల్చనంటే వేలిగోరు మీద ఆనిస్తే కొంచెం వంగినట్టు కనిపించింది.

తేడా అంతా ఆ మందంలోనే ఉంది. షేవింగ్ బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. అది ఏ ఉక్కుతో చేశారో మనం ఎప్పుడూ అడగం, కోస్తుందంతే. మందపాటి బ్లేడుకి ఎంత పదును పెట్టినా అంచు కాస్త లోపలికి దిగాక దాని వెనకుండే లావుపాటి భాగం అడ్డం పడుతుంది, మేకు కొట్టినట్టు చీలుస్తుంది తప్ప కోయదు. ఐదు మిల్లీమీటర్ల కత్తి కట్టెలు చీల్చడానికి పనికొస్తుంది. మాంసానికి రెండు, రెండున్నర దాటకూడదు.

మొన గురించి కూడా చెప్పాలి. మొన పైకి లేచి సూదిలా ఉంటే చూడ్డానికి కసిగా ఉంటుంది, పొట్ట విప్పేటప్పుడు అదే పేగుల్ని పొడుస్తుంది. వెన్ను నెమ్మదిగా కిందికి వాలి, మొన మధ్యగీతకి దగ్గరగా వచ్చే ఆకారాన్ని డ్రాప్ పాయింట్ అంటారు. అమెరికాలో బాబ్ లవ్‌లెస్ అనే కత్తుల మేస్త్రి దీన్ని వేటగాళ్లందరికీ అలవాటు చేశాడు. పొట్ట కోసేటప్పుడు కత్తి అంచు ఆకాశం వైపు ఉండాలి. ఎడమ చేతి రెండు వేళ్లు పొట్టలోకి దూర్చి వి ఆకారంలో విప్పి, ఆ వేళ్ల మధ్యలో కత్తి నడవాలి. లోపల్నించి బయటికి కోస్తే బొచ్చు తెగదు, బొచ్చు తెగకపోతే అంచు మొండవ్వదు, పేగులు కూడా వేళ్ల కిందే భద్రంగా ఉంటాయి. ఇది వచ్చినవాడికి ఆ వెనక కొక్కెంతో పని లేదు. పైగా ఆ కొక్కెం లోపలి వంపుకి పదును పెట్టడానికి మామూలు సానరాయి పనికిరాదు, సన్నటి గుండ్రటి ఆకురాయి వెతుక్కోవాలి. మా వాడు దీనికి ఒప్పుకోలేదు. మొదటిసారి వెళ్లేవాడికి కొక్కెం ధైర్యం ఇస్తుందట. సరే, అది వాడి ధైర్యం.

ఇక ఉక్కు సంగతి. విశాఖలో ఉంటూ ఉక్కు గురించి నాలుగు మాటలు మాట్లాడకపోతే తప్పు. పాత రోజుల్లో ప్రపంచమంతా పేరుపడ్డ వూట్జ్ ఉక్కుకి ఆ పేరు మన దక్షిణాది "ఉక్కు" అనే మాట నించే వచ్చిందంటారు. ఇప్పుడు మన ఊళ్లో ఉక్కునగరమే ఉంది. కత్తి మాత్రం ఎక్కడో కొంటాం. కొందరు ఇంటి కట్టుబడిలో మిగిలిన టీఎంటీ కడ్డీని సాగగొట్టి కత్తి చేయిస్తుంటారు, డబ్బు దండగ. అందులో కార్బన్ 0.3 శాతం లోపే. ఎర్రగా కాల్చి నూనెలో ముంచినా కత్తి అంచుకి కావలసినంత గట్టిదనం రాదు, ఒక కోడిని కోసేసరికి మొండి. లారీ కమాన్ పట్టీలో కార్బన్ 0.5, 0.6 శాతం ఉంటుంది, అందుకే కమ్మర్లు దాని కోసం పాత ఇనుము కొట్ల చుట్టూ తిరుగుతారు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక మళ్లీ రెండొందల డిగ్రీల దగ్గర నెమ్మదిగా వేడిచేయాలి, ఉక్కు మీద ఎండుగడ్డిలాంటి లేత పసుపు రంగు కనబడేదాకా. ఆ పని ఎగ్గొడితే కత్తి గాజులా పెళుసెక్కి, ఎముక తగలగానే అంచు పెచ్చులూడుతుంది.

మా వాడు లింకు పంపిన కత్తిది ఎస్30వి అనే ఉక్కు. మంచిదే, కాదనను. అందులో వనేడియం దాదాపు 4 శాతం ఉంటుంది. వనేడియం, కార్బన్ కలిసి కట్టే గింజలు మామూలు సానరాయిలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టివి. అందుకే పదును చాలాసేపు నిలుస్తుంది. వరసగా అరడజను జింకల్ని కోసేవాడికి అది వరం. మా వాడు ఏడాదికి కోసేది ఒకటో రెండో. కానీ పదును పోయిన రోజున అదే గింజలు ఎదురు తిరుగుతాయి, మామూలు రాయి మీద రుద్దుతూ కూర్చోవాలి, లేదా వజ్రపు పొడి పలక కొనాలి. పదును పెట్టడం రానివాడి చేతిలో ఖరీదైన ఉక్కు పెట్టడం, ఈత రానివాడికి ఎక్కువ గాలి పట్టే ట్యూబు ఇచ్చినట్టే. కొంతసేపు తేలతాడు, అంతే.

మరి ఏది కొనాలి? స్వీడన్‌లో మోరా అనే ఊరుంది, అక్కడ కత్తుల తయారీ 1891 నించి నడుస్తోంది. వాళ్ల కంపానియన్ అనే కత్తి బ్లేడు పది సెంటీమీటర్ల పైచిలుకు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. పిడి ప్లాస్టిక్కుదే గానీ పైన రబ్బరు పట్టు ఉంటుంది. ఒర కూడా ప్లాస్టిక్కుదే, చూడ్డానికి చవకబారుగా ఉంటుంది. ఉండనీ, రక్తం అంటితే కుళాయి కింద పెడితే పోతుంది, తోలు ఒరలో అయితే ఇంకిపోయి కంపు కొడుతుంది. అమెరికాలో ఇరవై డాలర్ల లోపే దొరుకుతుంది.

మా వాడికి బక్ 110 మీద కూడా మనసుంది. 1964 నించీ వస్తున్న మడత కత్తి, ఇత్తడీ చెక్కా పిడి, అందం గురించి నాకూ రెండో మాట లేదు. కానీ మడత కత్తి కీలులో కొవ్వు, రక్తం దూరతాయి. రాత్రి అడవిలోంచి వచ్చి అలిసిపోయి పడుకుంటావు, పొద్దున్న చూస్తే అది తెరుచుకోదు. ఫ్రాన్సు వాళ్ల ఒపినెల్ కత్తి పిడి కూడా చెక్కదే, తడిస్తే ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది. యాపిల్ పండు కోసుకోడానికి ఇంకేం కావాలి, దానంత బాగుండేది లేదు. మాంసం పనికి మడత లేని కత్తే.

స్టెయిన్‌లెస్సా, కార్బనా అన్న దగ్గర నా పాత మొండితనం ఒకటి ఒప్పుకోవాలి. పెద్దాయన కత్తి చూసి వచ్చాక నేనూ గాజువాక ఆటోనగర్‌లో కమాన్ పట్టీ ముక్క సంపాదించి కత్తి చేయించుకున్నాను. మొదటి వారం గాల్లో నడిచాను. పాత షేవింగ్ బ్లేడుతో పోటీ పెట్టొచ్చు అనిపించింది. ఒక శనివారం ఫిషింగ్ హార్బరు నించి కోనాం చేప తెచ్చి ముక్కలు కోసి, ఎవరో వస్తే మాట్లాడుతూ కత్తి సింకులోనే వదిలేశాను. పొద్దున లేచేసరికి బ్లేడు నిండా నారింజ మచ్చలు, అంచు పొడవునా చీమలు కొరికినట్టు గుంటలు. మన ఊరి గాలికి ఇనుప కిటికీ ఊచలే నిలవవు, ఒక రాత్రి తడిగా ఉన్న కత్తి నిలుస్తుందా! హార్బరులో చేపలు కోసే ఆడవాళ్లని చూడండి, ఒక్కొక్క చేపకీ కత్తిపీట తుడుచుకుంటూనే ఉంటారు. నాకు ఆ ఓపిక లేదు. ఓపిక ఉన్నవాళ్లు కమ్మరి చేసిన కత్తే కొనండి, వాడాక తుడిచి కొబ్బరినూనె రాయండి, నాలుగు నెలలకి నల్లబడి అదే పూతలా కాపాడుతుంది. నాలాంటివాళ్లు స్టెయిన్‌లెస్ కొనుక్కోండి. రక్తంలో కూడా ఉప్పుంటుంది, కాబట్టి టెక్సాస్‌లోనూ అదే మాట. మోరా స్టెయిన్‌లెస్ ఉక్కు 12సీ27లో క్రోమియం 13.5 శాతం, కార్బన్ 0.6. పదునూ వస్తుంది, తుప్పూ తొందరగా పట్టదు.

మిగిలిన డబ్బులో కొంత సానరాయికి పెట్టమన్నాను. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. కత్తి మొండయితే ఇంకో కత్తి కొంటారు. 1000 నంబరు రాయి ఒకటి చాలు. నీళ్లలో నానబెట్టి, కత్తిని ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు లేపి, రాయి మీంచి సన్నటి పొర చెక్కుతున్నట్టు ముందుకు తోయాలి. కాసేపయ్యాక అవతలి వైపు అంచు దాటేలా బొటనవేలు మెల్లగా జరిపితే సన్నటి గరుకు తగులుతుంది. మా షాపులో దాన్ని బర్ అంటాం. అది మొన నించి పిడి దాకా తగిలేవరకు వైపు మార్చకూడదు. తరవాత రెండో వైపు. ఆఖర్న పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే ఆ గరుకు రాలిపోతుంది. న్యూస్ పేపరు అంచు గాల్లో పట్టుకుని కోసి చూడండి, చిరక్కుండా తెగితే సరిపోయినట్టు. రాయి లేదా? మా అమ్మ ఆవకాయ జాడీ బోర్లించి, అడుగున గరుగ్గా ఉండే అంచు మీద చాకు గీసేది. మా వాడికి అదే చెప్పాను, కాఫీ కప్పు బోర్లించినా అడుగున ఆ గరుకు అంచు ఉంటుంది అని. నమ్మలేదు. చేసి చూసి రాత్రి పన్నెండింటికి ఫోన్ చేశాడు.

కత్తి గురించి ఇంతసేపు చెప్పాను గానీ, మాంసం పాడవడానికి కత్తి కారణమవడం తక్కువ. వేడే కారణం. టెక్సాస్‌లో నవంబరు మధ్యాహ్నాలు వెచ్చగా ఉండొచ్చు. కత్తికి పెట్టని నూట తొంభై డాలర్లలో పెద్ద ఐసు పెట్టె ఒకటి, ఐసు సంచులు నాలుగు కొనమన్నాను. పేగులు తీసిన వెంటనే పొట్టలో ఐసు సంచి పెట్టాలి, మాంసం నాలుగు డిగ్రీల దగ్గరికి ఎంత తొందరగా దిగితే అంత మంచిది. ఉచ్చతిత్తి పగలకుండా చూసుకోవాలి, చేతికి తొడుగులుండాలి. ఇవన్నీ వాడు ఆ వేట పాఠాల్లో చదివే ఉంటాడు, నేను మావయ్యని కాబట్టి మళ్లీ చెప్పాను.

మన వైపు చదివేవాళ్లకి రెండు ముక్కలు. ఇది చూసి ఎవరూ కంబాలకొండ వైపు చూడకండి, అది అభయారణ్యం, అక్కడ వేటాడి దొరికితే మూడేళ్ల నించి ఏడేళ్ల దాకా జైలు. ఏజెన్సీలో చైత్రమాసంలో ఇటుకల పండక్కి మగవాళ్లు వేటకి వెళ్లడం ఆచారం. ఆ ఆచారానికీ చట్టానికీ మధ్య తగువు నేను తేల్చేది కాదు. ఇంట్లో, పొలంలో వాడుకునే కత్తికి కాదు గానీ, తొమ్మిదంగుళాలు దాటినవీ రెండంగుళాల కంటే వెడల్పువీ ఊరికే ఆన్‌లైన్లో తెప్పించుకుని కారు సీటు కింద పెట్టుకుంటే ఆయుధాల చట్టం అడ్డం వస్తుంది. కోడికీ పోతుకీ నాలుగంగుళాలు చాలని ఇందాకే చెప్పానుగా.

"ఖరీదైనదైతే జీవితాంతం ఉంటుంది కదా మావయ్యా" అని చివరిదాకా వాదించాడు. ఊరి పెద్దాయన కత్తికి పన్నెండేళ్లట, ఎన్ని పోతులో లెక్కలేదు, కమ్మరికి ఎంత ఇచ్చాడో ఆయనకే గుర్తులేదు. అందమైన వస్తువు చేతిలో ఉంటే మనసు నిండుతుంది, అది అబద్ధమని నేననను. అందుకోసం కొంటానంటే కొనుక్కో, పని కోసమని మాత్రం చెప్పకు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత మిలిటరీ ఆకుపచ్చ రంగు పిడి ఉన్న కంపానియన్ ఆర్డర్ పెట్టాడు, పద్దెనిమిది డాలర్లు. ఆ రంగు వద్దురా, నారింజ రంగుది తీసుకో అంటే, "అడవిలో ఆ రంగేంటి మావయ్యా, బాగోదు" అన్నాడు.

నవంబరు చివర్లో ఫోన్ చేశాడు. జింక దొరికింది, పేగులూ తోలూ బాగా వచ్చాయి, పొట్ట చిల్లు పడలేదు, కొక్కెం అవసరం రాలేదు. చీకటి పడ్డాక కాలు పట్టుకుని లాగడానికి కత్తి పక్కన ఆకుల్లో పెట్టాడట. టార్చి వేసుకుని అరగంట వెతికారు నలుగురూ. దొరకలేదు.

"బాధపడకురా" అన్నాను.

"బాధేంటి మావయ్యా, పద్దెనిమిది డాలర్లేగా. పొద్దున్నే ఇంకోటి ఆర్డర్ పెట్టేశాను" అన్నాడు. ఏ రంగని నేను అడగలేదు, వాడే చెప్పాడు.